మైకు బొమ్మ మీద బొటనవేలు

కోరుట్ల. పొద్దున ఏడు దాటింది. గల్లీ చివర పెంకుటింటి అరుగు మీద మీకు చాప పరిచారు. ఎదురుగా నలుగురు ఆడవాళ్లు గోడకు ఒరిగి కూర్చున్నారు. ఒళ్లో చాటలు. చాటల్లో తునికాకు, ఓ మూలకు జర్దా. రేకు కొలత పెట్టి కత్తెరతో ఆకు కోస్తారు, జర్దా పరిచి చుడతారు, మొన మడిచి దారం కట్టి తెంపుతారు. 25 బీడీలకు ఓ కట్ట. 40 కట్టలైతే వెయ్యి. చూపు చేతుల మీద నుంచి కదలదు. మాట మాత్రం ఊరంతా తిరిగొస్తుంది.

పెద్దామె మోకాలి పక్కన నేల మీదున్న ఫోను టింగుమంది.

ఆమె చేతిలో బీడీ సగం చుట్టి ఉంది. దాన్ని వదల్లేదు. జర్దా అంటని చిటికెన వేలు కణుపుతో తెర మీద ఒక్కసారి తాకించింది. కొడుకు ఫొటో, దాని పక్కన చిన్నా పెద్దా నిలువు గీతల వరుస, కింద 0:48. గీతలు ఒక్కొక్కటే రంగు మారుతుంటే గొంతు అరుగంతా నిండింది.

"అవ్వా, డ్యూటీకి పోతన్న. బస్సుల కూసున్న. రాత్రి ఫోన్ జేద్దామంటే ఇక్కడ కలుస్తలేదు. బాపుకు గోళీలు తెచ్చిండ్రా? చిన్నోని ఫీజు పైసలు రెండు రోజులల్ల పడతయి, కట్టుమని చెప్పు. నువ్వు యాళ్లకు తిను."

మాటల వెనక బస్సు ఇంజను మోగుతోంది. ఎవరో హిందీలో సీటు జరగమంటున్నారు. షార్జాలో ఇంకా ఆరు కాలేదు. మన గడియారానికి ఆ దేశం గంటన్నర వెనక.

కోడలు కత్తెర ఆపింది. "ఇంకోపారి పెట్టు అత్తా." మళ్లీ విన్నారు. "గొంతు బరువుగున్నది. సర్ది జేసినట్టున్నది. చెప్తలేడు."

అతను దాచిన సంగతి ఆమెకు అందింది. అదే అక్షరాల్లో రాసి ఉంటే 'మంచిగున్న' అన్న మాటే వచ్చేది.

పెద్దామె కొంగుకు వేళ్లు తుడుచుకుంది. తెర కింద కుడి మూలనున్న మైకు బొమ్మ మీద బొటనవేలు ఆనించి ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుంది. "బిడ్డా, గోళీలు తెచ్చినం. నీకు సర్ది అయినట్టున్నదట, నీ పెండ్లం అంటన్నది. మిరియాలేసుకొని చాయ్ తాగు. చల్లనీళ్లు తాగకు." వేలు తీసింది. మెసేజ్ పోయింది. చాట మళ్లీ ఒళ్లోకి వచ్చింది.

ఆమెకు సంతకం వచ్చు, చదవడం రాదు. కొడుకు గల్ఫ్ పోయిన కొత్తలో ఉత్తరం వస్తే పక్కింటి పిల్లవాణ్ని పిలిచి చదివించుకునేది. ఇంట్లో ఎవరికి ఎంత అప్పుందో, కోడలితో ఏం మాటొచ్చిందో ఆ పిల్లవాడికీ తెలిసేది. జవాబు రాయించాలన్నా వాడే. ఇప్పుడు తల్లికీ కొడుక్కీ నడుమ మూడో మనిషి లేడు. చాటింగ్ ప్రోగ్రాంలో ఒక మైకు బొమ్మ చేరడం వల్ల వచ్చిన మార్పు అది. ఆ బొమ్మ చేరకముందు చాటింగ్ చదువుకున్నవాళ్లది. చేరిన తర్వాతే అది ఈ అరుగు మీదికొచ్చింది.

ఆ వేలు ఆనిన చోటు నుంచి ఫోను లోపలికి పోదాం రండి.

ఫోను కింది అంచున సూది మొన పట్టేంత రంధ్రం. దాని వెనక మూడు నాలుగు మిల్లీమీటర్ల మైకు. అందులో పలుచని పొర. 'బిడ్డా' అన్న మాట గాలిని కదిపితే ఆ పొర కదులుతుంది. ఆ కదలికను సెకనుకు 16,000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 16 బిట్ల అంకెగా రాసుకుంటే ఒక్క నిమిషం మాటకు 19 లక్షల 20 వేల బైట్లు అవుతాయి. సన్నటి సిగ్నల్ మీద అంత బరువు పోదు. అక్కడ కోడెక్, అంటే శబ్దాన్ని కుదించి తిరిగి విప్పే ప్రోగ్రాం, పనిలోకి దిగుతుంది. సెకనుకు 16 కిలోబిట్లకు కుదించిందంటే అదే నిమిషం 1 లక్షా 20 వేల బైట్లలో సర్దుకుంటుంది. పదహారో వంతు.

ఇంత తగ్గినా గొంతు గొంతుగానే ఎలా మిగిలింది? కోడెక్‌కు మనిషి మాట పుట్టే తీరు తెలుసు. గొంతులో పుట్టిన కంపనాన్ని నోరు, నాలుక, పెదవులు ఎలా మలుస్తాయో లెక్క కట్టి, వచ్చే శబ్దం ఇలా ఉంటుందని ముందే అంచనా వేస్తుంది. అంచనాకూ అసలుకూ ఉన్న తేడాను, అంచనా వేసిన సూత్రాన్ని మాత్రమే పంపుతుంది. అటువైపు ఫోను వాటితో మాటను తిరిగి కడుతుంది. ఈ పనిలో నేడు ప్రపంచమంతా వాడుతున్నది ఓపస్. 2012 సెప్టెంబరులో ఇంటర్నెట్ ప్రమాణంగా వచ్చింది. మాట కోసం స్కైప్ తయారుచేసుకున్న సిల్క్, సంగీతం కోసం జిఫ్ సంస్థ తయారుచేసిన సెల్ట్, ఈ రెంటినీ కలిపి కట్టారు. సెకనుకు 6 కిలోబిట్ల నుంచి 510 కిలోబిట్ల దాకా సాగుతుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఉచితం కాబట్టే చిన్న ప్రోగ్రాములు కూడా మంచి గొంతు పెట్టుకోగలిగాయి.

పాత టెలిఫోను 300 నుంచి 3,400 హెర్ట్జుల మధ్యనున్న శబ్దాన్నే మోసేది. మాట అర్థం కావడానికి అది చాలు. కానీ స అనేటప్పుడు వచ్చే ఊపిరి సవ్వడిలో చాలా భాగం ఆ హద్దు పైనే ఉంటుంది. సెకనుకు 16,000 సార్లు కొలిస్తే 8,000 హెర్ట్జుల దాకా అందుతుంది. ముక్కు దిబ్బడ, ఊపిరి బరువు, ఏడుపు మింగుకున్న గొంతు, ఇవన్నీ దాటి వస్తాయి. కోడలు సర్దిని పసిగట్టింది ఆ వివరాల వల్లే.

రాత్రి ఫోను ఎందుకు కలవలేదు మరి? యూఏఈలో ఇంటర్నెట్ కాల్స్‌కు అక్కడి టెలికం నియమాల అనుమతి కావాలి. అనుమతి పొందిన బోటిమ్ వంటివి నడుస్తాయి, వాట్సాప్ కాల్ మాత్రం కలవదు. అదే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ సాఫీగా పోతుంది. కాల్ అంటే అప్పటికప్పుడు పారే ధార. ఆలస్యమైతే పనికిరాదు. వాయిస్ మెసేజ్ అంటే ముగిసిన ఫైలు. ఫొటో పోయే దారిలోనే పోతుంది. సర్వర్లో ఆగుతుంది, అవతలి ఫోను సిగ్నల్లోకి రాగానే చేరుతుంది. చాటింగ్‌కు సౌండు చేర్చడమంటే ఈ రెండు దారులూ వేయడం. ఒకటి మూసుకుపోయిన చోట రెండోది ఇల్లు నిలబెడుతుంది.

పని గంటలకూ ఇదే సరిపోయింది. అతను ఐదున్నరకు బస్సెక్కుతాడు. ఎండాకాలం జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా ఆరుబయట పనిచేసేవాళ్లకు అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల దాకా పని ఆపాలని నియమం. ఆ విరామంలో వింటాడు. ఇక్కడ ఆమె చేతులు ఖాళీ అయ్యేది పొద్దుమీకి. ఇద్దరి తీరిక ఒక్కసారి కలవాల్సిన పనిలేదు. మాట మధ్యలో కూర్చుని ఎదురుచూస్తుంది.

ఇప్పుడు ఇరవై ఏళ్లకు పైగా వెనక్కి నడవండి. ఊరు ఇదే. బస్టాండు దగ్గర పసుపు పచ్చ ఎస్టీడీ, ఐఎస్‌డీ బోర్డులు. అద్దాల గదిలో ఎర్ర అంకెలు పరుగెత్తుతుంటే వాటివైపు చూస్తూ మాట్లాడిన తరం ఇది. 'మంచిగున్నవా, మంచిగున్న, పైసలు ముట్టినయా, ముట్టినయి' అనేలోపే మీటరు వందలు దాటేది. అంతకుముందు క్యాసెట్ల కాలం. ఊరికొచ్చేవాడి పెట్టెలో టేపు పంపేవారు. ఇంటిల్లిపాదీ టేప్‌రికార్డర్ చుట్టూ చేరి వినేవారు. జవాబు అదే క్యాసెట్ రెండో పక్కన నింపి, తిరిగి పోయేవాడి చేతిలో పెట్టేవారు. ఒక మాట పోయి రావడానికి నెలలు.

2002 ఏప్రిల్ 1న మన దేశంలో ఇంటర్నెట్ ద్వారా మాట్లాడటానికి అనుమతి వచ్చింది. నెట్ సెంటర్ల గోడల మీద కొత్త రేట్లు వెలిశాయి.

లోపలికి రండి. ప్లైవుడ్ గదులు, ఒక్కో దాంట్లో లావుపాటి మానిటర్, కుర్చీ. నిర్వాహకుడు కుర్రాడు హెడ్‌సెట్ తీసి ఒక ఇల్లాలి తలకు పెడుతున్నాడు. ఆమె కొంగు సర్దుకుని, బిగుసుకుని కూర్చుంది. తెర మీద యాహూ మెసెంజర్. ఆమెకు అందులో ఒక్క అక్షరం తెలియదు. కుర్రాడే భర్త ఐడీ కొట్టాడు, వాయిస్ తెరిచాడు. "అక్కా, నువ్వు మాట్లాడేటప్పుడు ఇదిగో ఈ మీట నొక్కి పట్టుకో. వినేటప్పుడు వదిలెయ్." టాక్ అని రాసున్న మీట మీద మౌసు పెట్టి, ఆమె చూపుడు వేలును దాని మీద ఆనించాడు.

ఆమె నొక్కింది. "హలో... ఇనవడుతున్నదా?"

మూడు సెకన్లు ఏమీ లేదు. తర్వాత దూరం నుంచి, ముక్కలు ముక్కలుగా: "ఇన...తన్న. నువ్వు... మీట... ఇడువు."

పక్క గదిలో ఇంకొకామె అరుస్తూ మాట్లాడుతోంది. దూరం ఎక్కువైతే గట్టిగా మాట్లాడాలని అందరి నమ్మకం. గది బయట వరుసలో పిల్లలు, అత్తలు, మామలు. అవతల మస్కట్‌లోనో మనామాలోనో అతను కూడా ఇలాంటి గదిలోనే కూర్చున్నాడు. ఇద్దరూ ఒకే రోజు, ఒకే గంటకు రెండు ఊళ్లలో రెండు కంప్యూటర్ల ముందుకు చేరాలి. నడుమ కరెంటు పోకూడదు.

అప్పట్లో ఏ కంపెనీ మెసెంజర్ దానిదే. యాహూ ఐడీ ఉన్నవాడితో గూగుల్ టాక్‌లో ఉన్నవాడు మాట్లాడలేడు. అన్ని ఖాతాలనూ ఒక్క కిటికీలో చూపించే పిడ్జిన్ వంటి ఉచిత ప్రోగ్రాములు వచ్చాయి. విండోస్ మీదా లినక్స్ మీదా నడిచేవి. అక్షరాల వరకు బాగానే నడిచింది. గొంతు దగ్గరికొచ్చేసరికి చిక్కొచ్చింది. 2009 ఆగస్టులో పిడ్జిన్ 2.6 రూపంలో వాయిస్, వీడియో చేర్చారు. లినక్స్ మీద పనిచేశాయి, విండోస్ మీద రాలేదు. నెట్ సెంటర్లలో ఉన్నవి దాదాపు అన్నీ విండోస్ యంత్రాలే.

కారణం ఏమిటంటే, అక్షరం ఏ యంత్రంలోనైనా ఒకే అంకెల వరుస. శబ్దం అలా కాదు. మైకును తెరవడానికి విండోస్‌కు ఒక పద్ధతి, లినక్స్‌కు ఇంకొకటి, ఐఫోన్‌కు మరొకటి, ఆండ్రాయిడ్‌కు వేరొకటి. ఒకటి సెకనుకు 44,100 కొలతలిస్తే ఇంకొకటి 48,000 ఇస్తుంది. ఒకదాంట్లో ఫోను మోగగానే రికార్డింగ్ ఆగిపోతుంది, మరొకదాంట్లో బ్లూటూత్ తగిలించగానే మైకు మారిపోతుంది. ఈ తేడాలన్నీ మింగి, పైకి ఒకే మైకు బొమ్మను చూపించాలి. ఈ కష్టంలో పెద్ద భాగాన్ని అందరి కోసం తేలిక చేసింది వెబ్‌ఆర్‌టీసీ. శబ్ద సాంకేతికత అమ్ముకునే జీఐపీఎస్ అనే కంపెనీని 2010లో గూగుల్ కొని, మరుసటి ఏడాది ఆ సరంజామాను ఈ పేరుతో ఉచితంగా బయటపెట్టింది.

ఐఎంఓ కూడా మొదట పిడ్జిన్‌లాగే నలుగురి చాటింగ్‌లనూ ఒక చోట చేర్చే ప్రోగ్రామే. 2014లో ఇతరుల ఖాతాలు మానేసి సొంత కాల్స్ మీద నిలబడింది. గల్ఫ్ క్యాంపుల్లోనూ మన పల్లెల్లోనూ ఇల్లిల్లూ చేరింది. 2013 ఆగస్టులో వాట్సాప్ వాయిస్ మెసేజ్ తెచ్చింది. ఐఫోన్, ఆండ్రాయిడ్ మాత్రమే కాదు, బ్లాక్‌బెర్రీ, నోకియా, విండోస్ ఫోన్లకు కూడా కలిపి తెచ్చింది. నా దృష్టిలో అసలు గొప్పతనం అక్కడుంది. కొడుకు చేతిలో ఏ ఫోనున్నా, తల్లి చేతిలో ఏ ఫోనున్నా గొంతు దాటాలి. కాల్ 2015లో వచ్చింది. 2018 సెప్టెంబరులో, 1,500 రూపాయల డిపాజిట్‌తో వచ్చిన జియోఫోన్ మీదికి వాట్సాప్ చేరినప్పుడు అందులో కాల్ సౌకర్యం లేదు, వాయిస్ మెసేజ్ ఉంది. మీటల ఫోను పట్టుకున్న అవ్వ కూడా మాట పంపగలిగింది.

మళ్లీ ఈ రోజుకు వద్దాం. కోరుట్లలో ఎక్కిన బస్సు జగిత్యాల చేరింది. టవర్ సర్కిల్ దగ్గర గడియారపు స్తంభం చుట్టూ ఆటోలు తిరుగుతున్నాయి. పక్క సందులో మొబైల్ రిపేరు దుకాణం, మనిషి నిలబడితే నిండిపోయేంత. కౌంటరు మీద పచ్చ రబ్బరు చాప, దీపం, భూతద్దం.

ముత్యంపేట నుంచి వచ్చిన ముసలాయన ఫోను ముందు పెట్టాడు. "నా మాట పోతలేదు సారూ. ఆడికెల్లి వచ్చేది ఇనవడుతున్నది."

దుకాణదారు ఫోను అంచున రంధ్రాన్ని భూతద్దం కింద పెట్టి మీకూ చూపించాడు. రంధ్రం నిండా పచ్చటి పొడి గట్టిపడి ఉంది. పసుపు. కొమ్ము ఉడకబెట్టి ఎండబోసి పాలిష్ పట్టే రోజుల్లో ఆ పొడి చొక్కా జేబు దాకా వస్తుంది. సన్న కుంచెకు స్పిరిటు అంటించి, నెమ్మదిగా తుడిచాడు. సూది పెట్టి పొడిచాడంటే లోపలి పొర చిరిగిపోతుంది, అందుకే సూది ముట్టడు. రికార్డింగ్ పెట్టి "హలో" అన్నాడు. గుసగుసలా వచ్చింది. వెనక మూత తీసి, ఛార్జింగ్ పిన్ను ఉన్న చిన్న బోర్డును మార్చాడు. చాలా ఫోన్లలో మైకు ఆ బోర్డు మీదే ఉంటుంది. మళ్లీ "హలో" అన్నాడు. ఈసారి సందులో ఆటో హారను కూడా రికార్డయింది.

తర్వాత వచ్చినామెది కొత్త ఫోను. మైకు బొమ్మ నొక్కితే ఏమీ జరగడం లేదు. దుకాణదారు విప్పనే లేదు. సెట్టింగుల్లోకి పోయి ఒక మీట జరిపి ఇచ్చేశాడు, పైసలు అడగలేదు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి, మైకు వాడుకోవడానికి ప్రోగ్రాం మొదటిసారి అనుమతి అడగాలి. అది మంచి నియమమే. ఎవరూ చాటుగా వినకూడదు. కానీ ఆ ప్రశ్న ఆమె ముందుకు ఇంగ్లిషులో వచ్చింది. భయపడి వద్దు అన్న మీట నొక్కింది. చదవలేని మనిషి కోసం పెట్టిన సౌకర్యపు గుమ్మం ముందు చదివితే తప్ప దాటలేని ప్రశ్న నిలబెట్టారు. ఆ ప్రశ్నను తెలుగులో గొంతుతో అడిగి ఉంటే, ఆమె బస్సు ఛార్జీ పెట్టుకుని జగిత్యాల దాకా వచ్చేది కాదు.

మూడో మనిషి ముప్పై ఏళ్ల యువకుడు. ఫోను తెర పగిలి నల్లబడింది. "తెర పోతే పోనీ అన్నా. అండ్ల వాయిస్‌లు దీసియ్యి." వీసా ఇప్పిస్తానని ఒకడు పంపిన మాటలవి. ఎనిమిది గంటల డ్యూటీ, గది, తిండి, ఇంత జీతం అని చెప్పిన మాటలు. చేరిన తర్వాత ఏదీ నిజం కాలేదు, అప్పు మిగిలింది. కాగితం రాయలేదు, రసీదు ఇయ్యలేదు. మిగిలిన రుజువల్లా ఆ గొంతే, దాని కిందున్న తేదీ. దుకాణదారు వేరే తెర తగిలించి ఫోను వెలిగించాడు. ఒక్కో రికార్డింగు తెరిచి, వినిపించి, మెమరీ కార్డులోకి ఎక్కించాడు. యువకుడు ప్రతిదాన్నీ చివరి దాకా విన్నాడు. దుకాణంలో ఉన్నవాళ్లందరూ విన్నారు.

1983 నాటి వలసల చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపేవాళ్లకు రిజిస్ట్రేషన్ ఉండాలి. లేనివాడిని నమ్మి మోసపోయినవాడు ఠాణాకు పోయినప్పుడు మొదట అడిగేది ఆధారమే. అందుకే వాయిస్ మెసేజ్‌ను తేలిగ్గా భద్రపరుచుకునే, ఇంకో ఫోనుకు మార్చుకునే దారి ఉండటం సౌండు పనిలో భాగమేనని ఈ దుకాణంలో కూర్చుంటే తెలుస్తుంది.

జగిత్యాల నుంచి వేములవాడ మీదుగా సిరిసిల్ల. బి.వై. నగర్‌లో అడుగు పెట్టగానే నేల అదురుతుంది. రేకుల షెడ్డు తలుపు తీశారు. చప్పుడు మీ ఛాతీకి తగిలింది. వరుసగా సాంచాలు, అంటే మరమగ్గాలు. ఒక్కోదాంట్లో నాడె ఆ చివరి నుంచి ఈ చివరికి ఎగిరి దెబ్బ కొడుతుంది, పన్నె వచ్చి పోగును తొక్కుతుంది, మళ్లీ నాడె. పక్క మనిషి మాట వినాలంటే చెవిలో నోరు పెట్టాలి. గాలిలో దూది పొడి. కార్మికుడు నాలుగు సాంచాల నడుమ తిరుగుతూ, తెగిన పోగును వేళ్లతోనే వెతికి ముడేస్తున్నాడు.

జేబులో ఫోను అదిరింది. మోగినా వినపడదు కాబట్టి అదురు మీదే పెట్టుకున్నాడు. రియాద్ నుంచి తమ్ముడు. సౌదీలో అక్కడి నియమాలకు లోబడే ఇంటర్నెట్ కాల్ ప్రోగ్రాముల మీదున్న ఆంక్షను 2017 సెప్టెంబరులో ఎత్తేశారు. అప్పటి నుంచి నేరుగా మాట్లాడుకుంటున్నారు.

"చెప్పురా! ఆఁ? గట్టిగ చెప్పు!"

"అన్నా, నీ మాట ఇనవడ్తలేదు. సాంచ సప్పుడే వస్తన్నది."

అతను తలుపు దాకా నడిచాడు, ఒక చెవి అరచేత్తో మూసుకున్నాడు. చూపు మాత్రం సాంచాల మీదే. పోగు తెగితే గుడ్డ మీద గీత పడుతుంది, గీత పడితే కూలి కోత.

ఈ కాల్‌లో ఏం జరుగుతోందో చూడండి. గొంతును 20 మిల్లీ సెకన్ల ముక్కలుగా కోస్తారు. సెకనుకు 50 ముక్కలు. ఒక్కో ముక్క ఒక ప్యాకెట్. సెకనుకు 16 కిలోబిట్లైతే ఒక్కో ముక్కలో మాట 40 బైట్లు, పైన అతికించే చిరునామా మరో 40 బైట్లు. అంటే దారి పొడవునా మాటంత బరువు చిరునామాకూ ఉంటుంది. ఈ ప్యాకెట్లు వరుసగా బయలుదేరతాయి, వరుసగా చేరవు. ఒకటి ముందు, ఒకటి వెనక, ఒకటి దారిలోనే పోతుంది. అందుకని అవతలి ఫోను వచ్చినదాన్ని వచ్చినట్టు వినిపించదు. కొన్నింటిని పక్కన పోగుచేసుకుని, వాటిలోంచి సమంగా వినిపిస్తుంది. సాంచ నడిపేవాడు నూలు కండెలు ముందే చుట్టించి పక్కన పెట్టుకుంటాడు, చుట్టేవాళ్లు కాసేపు ఆలస్యం చేసినా నేత ఆగదు. ఇదీ అంతే. కండెలు మరీ ఎక్కువ పోగేసుకుంటే మాత్రం ఇక్కడ చిక్కు. ఒకరి మాట మీద ఒకరు పడతారు. మాట ఒక వైపు చేరడానికి 150 మిల్లీ సెకన్లు దాటకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికం సంఘం సూచన.

రియాద్ నుంచి సిరిసిల్లకు సూటిగా కొలిస్తే సుమారు 3,400 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి ఆ దూరాన్ని 20 మిల్లీ సెకన్లలోపే దాటేస్తుంది. సముద్రం కింది తీగలు తిరిగి తిరిగి వచ్చినా ఆలస్యమంతా దూరానిది కాదు. కిక్కిరిసిన సెల్ టవరుది, చౌక ఫోనుది, మధ్యలో పోగేసిన కండెలది. అంటే ఇంజినీరు చేతిలో పనే ఎక్కువ.

చప్పుడు సంగతి వేరు. పాత పద్ధతిలో ప్రోగ్రాం మనిషి ఆగినప్పుడు వినిపించే రొదను కొలుచుకుని, మాటలోంచి దాన్ని తీసేస్తుంది. ఫ్యాను రొద, ఏసీ రొద అలా పోతాయి, ఎందుకంటే అవి మారవు. సాంచ దెబ్బ క్షణానికోసారి పుట్టి పోతుంది. ప్రోగ్రాం దాన్నే మాటనుకుంటుంది, మాటను రొదనుకుని కోసేస్తుంది. తమ్ముడికి సాంచ మాత్రమే వినపడిందంటే అదే కారణం. కొత్త పద్ధతిలో వేల గంటల మాటలనూ చప్పుళ్లనూ వినిపించి, ఏది మనిషి గొంతో యంత్రానికి నేర్పుతారు. ఓపస్ కర్తల్లో ఒకరైన జాన్-మార్క్ వాలిన్ 2017లో ఆర్ఎన్ఎన్ నాయిస్ పేరుతో చిన్న యంత్రాల మీద కూడా నడిచేలా అలాంటిదొకటి చేసి ఉచితంగా ఇచ్చారు. నేర్పినంతే అది నేర్చుకుంటుంది. కాబట్టి దానికి సిరిసిల్ల సాంచ చప్పుడు వినిపించాలి. మెట్‌పల్లి పసుపు పాలిష్ డ్రమ్ము చప్పుడు, వరికోత మిషను చప్పుడు, లేబర్ క్యాంపు గదిలో పదిమంది ఒకేసారి మాట్లాడుకునే సందడి వినిపించాలి. ఆ రికార్డింగులు మన ఊళ్లలో మనమే చేయగలం. ఇక్కడి ఇంజినీరింగ్ విద్యార్థులు ఒక్క సెలవుల్లో చేయగలిగిన పని.

కార్మికుడు కాల్ పెట్టేశాడు. షెడ్డు మూలకు పోయి, గోడ వైపు తిరిగి, మైకు బొమ్మ మీద బొటనవేలు పెట్టాడు. ఫోను పెదవులకు ఆనించి మాట్లాడాడు. నోరు మైకుకు దగ్గరైన కొద్దీ సాంచ వెనక్కి పోతుంది. "తమ్మీ, అవ్వకు కండ్ల ఆపరేషన్ వచ్చే మంగళారం. నువ్వు పరేషాన్ కాకు. నేనున్న." పంపి, నాలుగో సాంచ దగ్గరికి ఉరికాడు. పోగు తెగి ఉంది.

జగిత్యాల, సిరిసిల్ల 2016 అక్టోబరు 11న జిల్లాలయ్యాయి. అంతకు ఎంతో ముందు నుంచే ఇక్కడి మగవాళ్లు భీవండికి, సూరత్‌కు, ఆపై గల్ఫ్‌కు పోతూనే ఉన్నారు. ఈ ఊళ్లలో చాటింగ్ కాలక్షేపం కాదు. మందులు, ఫీజులు, అప్పులు, పెళ్లి సంబంధాలు, పొలం గట్ల తగాదాలు అన్నీ దాని మీదే తెములుతున్నాయి. రోజూ 700 కోట్ల వాయిస్ మెసేజ్‌లు పోతున్నాయని 2022లో వాట్సాప్ ప్రకటించింది. అంత పెద్ద అంకె ఎవరిదో లెక్కలాగే కనిపిస్తుంది. కానీ అందులో కోరుట్ల అరుగు మీది 48 సెకన్లు, సిరిసిల్ల గోడ పక్కన పది సెకన్లు కూడా ఉంటాయి.

చాటింగ్ ప్రోగ్రాం రాసే ప్రతి ఇంజినీరుకూ, హైదరాబాద్‌లో కూర్చున్నా కాలిఫోర్నియాలో కూర్చున్నా, నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే. సౌండును చివర్లో అతికించే సొగసుగా చూడొద్దు. అందరికంటే చవకైన ఫోను తెచ్చుకుని దాని మీదే మొదట పరీక్షించండి. రెండు గీతల సిగ్నల్లో, కరెంటు పోయిన రాత్రి, యంత్రాల రొద నడుమ పరీక్షించండి. అనుమతి అడిగితే ఆ మనిషి భాషలో, గొంతుతో అడగండి. ఒక్క వేలితో పని జరగాలి, ఆ వేలికి జర్దా అంటి ఉన్నా జరగాలి. పంపిన మాట పోకుండా ఉండాలి, ఫోను మారినా వెంట రావాలి. చదువు రాని తల్లికి, తీరిక లేని కొడుక్కి నడుమ ఇప్పుడున్న దారి మీరు వేసిందే. దాన్ని చెడకుండా, ఇంకా వెడల్పుగా నిలబెట్టే బాధ్యత కూడా మీదే.